నింగిలో చోదకుడు, నేలపై అభ్యర్థి

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం ఆమడగూరు. పేరులో ఆమడ ఉన్నప్పటికీ విమానం ఈనాడు ఆ ఊరివారికి దూరపు వస్తువు కాదు. ఒకవైపు 1990లో ప్రారంభమైన పుట్టపర్తి విమానాశ్రయం ఉంది. మరొకవైపు 2008లో దేవనహళ్ళి వద్ద ప్రారంభమైన బెంగళూరు విమానాశ్రయం ఉంది. వేరుశనగ చేనులో కలుపు తీసే స్త్రీలు తల ఎత్తితే తెల్లని పొగచారను గీస్తూ సాగిపోయే విమానం కనిపిస్తుంది. ఇక కార్ల సంగతి చెప్పనక్కరలేదు. 2019 నుండి పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారంలో కార్లు తయారవుతున్నాయి. విమానమూ కారూ రెండూ కంటికి కనిపించే ఇటువంటి సీమలో ఒక ప్రశ్న పుట్టడం సహజం. వందల మందిని ఆకాశమార్గాన గమ్యం చేర్చే పైలట్‌కు నలుగురు కూర్చునే కారు నడపడానికి మళ్ళీ వేరే లైసెన్సు కావాలా? కావాలంటే దానిని అతడు పొందవచ్చునా?

రెండవ ప్రశ్నకు జవాబు తేలిక. నిస్సంశయంగా పొందవచ్చును. పైలట్ అయినంత మాత్రాన కారు లైసెన్సుకు అనర్హుడయ్యే నియమం ఏ చట్టంలోనూ లేదు. వివాదమంతా మొదటి ప్రశ్నలోనే ఉంది. ఏనుగు అంబారీ మీద ఊరేగినవానికి ఎద్దుబండి ఒక లెక్కా అనే ధోరణి లోకంలో బలంగా ఉంది. పెద్ద విద్య వచ్చినవానికి చిన్న విద్య దానంతట అదే వస్తుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

చట్టం ఈ విషయంలో మొగమాటం లేకుండా మాట్లాడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలులో ఉంది. సార్వజనిక స్థలంలో మోటారు వాహనం నడిపే ఏ వ్యక్తి అయినా ఆ తరగతి వాహనానికి చెల్లుబాటు అయ్యే డ్రైవింగు లైసెన్సు కలిగి ఉండాలని దాని 3వ సెక్షను శాసిస్తున్నది. లైసెన్సు లేకుండా నడిపినవారికి ఒకప్పుడు 500 రూపాయలున్న జరిమానా 2019 సవరణతో 5,000 రూపాయలయింది. పైలట్ లైసెన్సును ఇచ్చేది కేంద్రప్రభుత్వపు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. కారు లైసెన్సును ఇచ్చేది రాష్ట్ర రవాణాశాఖ. ఒకరి ముద్ర మరొకరి కార్యాలయంలో చెల్లదు.

ఇందులో ఒక విశేషం గమనించదగినది. నైపుణ్య పరీక్ష నుండి కొందరికి మినహాయింపు ఇచ్చే వీలు ఈ చట్టంలోని 9వ సెక్షనులోనే ఉంది. అదే తరగతి వాహనానికి గతంలో లైసెన్సు ఉండి, దాని గడువు తీరి అయిదేళ్ళు దాటనివారు, విదేశాలలో లైసెన్సు పొందినవారు, దేశరక్షణకు సంబంధించిన ప్రభుత్వ వాహనాలు నడపడానికి ప్రత్యేక లైసెన్సు పొందినవారు కొన్ని నిబంధనలకు లోబడి ఆ కోవలోకి వస్తారు. అంటే వైమానిక దళంలో లారీ నడిపిన వ్యక్తికి మినహాయింపు దొరకవచ్చును గాని, అదే దళంలో యుద్ధవిమానం నడిపిన అధికారికి ఆ అర్హత చాలదు. పైకి ఇది వింతగా తోస్తుంది. కాని చట్టం ఇక్కడ హోదాను చూడలేదు, చేసిన పనిని చూసింది. లారీ నడిపినవాడు రోడ్డు మీద నడిపాడు. విమానం నడిపినవాడు నడిపినది రోడ్డు మీద కాదు.

ఈ తర్కం ఇంటర్మీడియెట్ విద్యార్థులకు మరింత దగ్గరగా తగులుతుంది. భారతదేశపు విమాన నియమావళి ప్రకారం పదహారేళ్ళు నిండినవారు విద్యార్థి పైలట్ లైసెన్సు పొందవచ్చు. పదిహేడేళ్ళు నిండి, తగినన్ని గంటలు శిక్షణలో ఎగిరి, పరీక్షలు నెగ్గినవారికి ప్రైవేటు పైలట్ లైసెన్సు లభిస్తుంది. కారుకైనా, గేర్లున్న మోటారు సైకిలుకైనా పద్దెనిమిదేళ్ళు నిండవలసిందే. కాబట్టి జూనియర్ కళాశాలలో రెండవ సంవత్సరం చదివే ఒక బాలికకు పదిహేడేళ్ళు ఉన్నాయనుకుంటే, ఆమె చిన్న విమానాన్ని ఒంటరిగా ఆకాశంలోకి లేపి మరల దింపవచ్చు. అది చట్టసమ్మతమే. అయితే ఇంటి నుండి ఆ విమానం ఉన్న చోటికి కారు నడుపుకొంటూ వెళ్ళడం మాత్రం నేరం. నాన్న నడిపే బండిలో వెనుక కూర్చుని వెళ్ళి, అక్కడ విమానం ఎక్కి, ఒంటరిగా ఎగిరి, దిగి, మళ్ళీ నాన్న వెనుకనే ఇల్లు చేరుకోవాలి.

దీనిని చట్టంలోని అసంగతం అని ఎగతాళి చేసేవారున్నారు. కాని ఆ బాలిక చుట్టూ ఉన్న ఏర్పాటును చూస్తే ఎగతాళికి తావుండదు. ఆమె ఎగరడానికి ముందు వైద్యుడు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాడు. వాతావరణం అనుకూలంగా లేకుంటే ఆనాటికి విమానం కదలదు. శిక్షకుడు సంతకం చేస్తేనే ఒంటరి ప్రయాణం. ఎగిరిన ప్రతి నిమిషం లాగ్‌బుక్కులో నమోదవుతుంది. ఆకాశంలో ఆమెకు ఎదురుగా గొర్రెల మంద రాదు, తప్పతాగినవాడు అడ్డదిడ్డంగా దూసుకురాడు. సాధారణంగా విమానానికీ విమానానికీ మధ్య నిలువున కనీసం వెయ్యి అడుగుల ఎడం ఉండేలా నియంత్రణ కేంద్రాలు చూస్తాయి. రోడ్డు మీద అయితే ఎదురెదురుగా వచ్చే రెండు వాహనాల మధ్య ఒక్కొక్కసారి మూరెడు సందు కూడా ఉండదు. వయోపరిమితి కేవలం మనిషి సామర్థ్యానికి పెట్టిన కొలబద్ద కాదు. అతడు ప్రవేశించబోయే చోటు ఎంత అదుపులో ఉన్నదో కూడా అందులో లెక్కకు వస్తుంది.

ఆమడగూరు నుండి కదిరికో గోరంట్లకో వెళ్ళే దారులను తలచుకుంటే ఈ భేదం బోధపడుతుంది. ఉలవ కట్టె కోతకు వచ్చే రోజులలో రైతులు దానిని నడిరోడ్డు మీద పరుస్తారు. వచ్చిపోయే వాహనాల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని వారి ఆశ. అది తప్పే, కాని కళ్ళం లేని రైతుకు వేరే దారి ఏది? ఆ కట్టె మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. మలుపు తిరగగానే లైట్లు లేని ట్రాక్టరు, దాని వెనుక బయటికి పొడుచుకొని ఉన్న ఇనుప కమ్ములు. బడి వదిలిన వేళ పిల్లలు. వీటిలో ఏ ఒక్కటీ విమానశిక్షణ పాఠ్యప్రణాళికలో లేదు. ఎత్తు, గాలివాలు, ఇంధనం, ఇంజను ఆగిపోతే దిగవలసిన చోటు వంటివి పైలట్ బుద్ధిని ఆక్రమించుకొని ఉంటాయి. ఉలవ కట్టె గురించి ఆ శాస్త్రం ఏమీ చెప్పదు.

ఇక చేతులకూ కాళ్ళకూ సంబంధించిన విషయం. కారులో దిశను మార్చేది చేయి, వేగాన్ని మార్చేది కాలు. చిన్న విమానం నేల మీద పరుగెడుతున్నప్పుడు ఇది తలకిందులవుతుంది. అక్కడ దిశను మార్చేవి కాళ్ళ కింది చుక్కాని పెడళ్ళు, శక్తిని పెంచేది చేతిలోని థ్రాటిల్. కారు నడపడం అలవాటైన కొత్త విద్యార్థి విమానాన్ని నేల మీద మలుపు తిప్పడానికి ఎదుట ఉన్న చక్రాన్ని స్టీరింగులా తిప్పుతాడు. విమానం మాత్రం ఎటు పోతున్నదో అటే పోతుంది. శిక్షకులందరికీ పరిచితమైన పొరపాటు ఇది. ఒక విద్యలోని అలవాటు మరొక విద్యలో సాయపడకపోగా అడ్డుపడగలదనడానికి ఇంతకంటె చక్కని నిదర్శనం దొరకదు. కారు నుండి విమానానికి వెళ్ళినవానికి జరిగేది విమానం నుండి కారుకు వచ్చినవానికి జరగదనడానికి ఆధారం ఏముంది?

విమానరంగం ఈ సత్యాన్ని తనలో తాను ఎన్నడో ఒప్పుకున్నది. ఎయిర్‌బస్ 320 నడిపే పైలట్ ఎన్ని వేల గంటల అనుభవశాలి అయినా, ప్రత్యేక శిక్షణ పొంది ఆ రకానికి అనుమతి తెచ్చుకోనిదే బోయింగ్ 737ను నడపరాదు. రెండూ జెట్ విమానాలే, రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉండేవే. ఒక విమానం నుండి మరొక విమానానికే అర్హత దానంతట అది సంక్రమించనప్పుడు, విమానం నుండి కారుకు సంక్రమించాలని కోరడం విమానరంగపు న్యాయానికే విరుద్ధం. విమానాశ్రయంలో విమానాలు నిలిచే ఆవరణలో జీపు నడపాలన్నా అంతే. మామూలు డ్రైవింగు లైసెన్సు ఉండాలి, అది చాలక విమానాశ్రయ నిర్వాహకులు శిక్షణ ఇచ్చి, పరీక్షించి మంజూరు చేసే ప్రత్యేక అనుమతి ఉండాలి. విమానం దింపిన పైలట్ అయినా సరే ఆ రెండు కాగితాలూ లేకుండా ఆ జీపు చక్రం పట్టరాదు.

2021 జనవరిలో ఎయిరిండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తరధ్రువం మీదుగా బెంగళూరు చేరింది. దాదాపు పదహారు వేల కిలోమీటర్ల ప్రయాణం అది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో ఆ విమానాన్ని నడిపినవారందరూ స్త్రీలే. ధ్రువప్రాంతపు ఆకాశాన్ని దాటివచ్చిన అంతటివారు సైతం దేవనహళ్ళి నుండి స్వయంగా కారు నడుపుకొంటూ వెళ్ళాలంటే, అందరితోపాటు రవాణా కార్యాలయం పెట్టే పరీక్ష నెగ్గి ఉండవలసిందే. ఇందులో వారికి అవమానం ఏమీ లేదు. లైసెన్సు సన్మానపత్రం కాదు.

లైసెన్సు అంటే ఏమిటో, ఏది కాదో విమానయాన చరిత్ర కూడా చెబుతుంది. భారతదేశంలో తొలి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటాకు లభించింది. 1932 అక్టోబరు 15న ఆయన కరాచీ నుండి బొంబాయికి టపా విమానం నడిపాడు. అక్కడి నుండి ఆ టపాను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బళ్ళారి నాడు అనంతపురం సీమకు ఇరుగుపొరుగు, మద్రాసు రాష్ట్రంలోని జిల్లా. ఆ విధంగా రాయలసీమ అంచున విమానపు టపా దిగి తొమ్మిది దశాబ్దాలు దాటింది. టాటా కోటీశ్వరుల బిడ్డ. అయినా పరీక్ష తప్పలేదు. ప్రేమ్ మాథుర్ కథ దీనికి రెండవ పార్శ్వం. ఆమె 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు సంపాదించింది. అర్హత చేతిలో ఉన్నా స్త్రీ అన్న కారణంతో కొన్ని విమాన సంస్థలు ఉద్యోగం ఇవ్వడానికి నిరాకరించాయి. చివరకు హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను తీసుకున్నది. పరీక్ష నెగ్గినవారిని పుట్టుకను చూసి తిరస్కరించడం ఎంత అన్యాయమో, పరీక్షకే రానివారిని ప్రతిష్ఠను చూసి అంగీకరించడం అంతే అన్యాయం. రెండింటిలోనూ చూడవలసినదానిని చూడకపోవడమే జరుగుతున్నది.

అయితే ఈ రెండు లైసెన్సులకూ సంబంధమే లేదనడం సరికాదు. అమెరికాలో ఆ సంబంధం విచిత్రంగా ఎదురు దిక్కున పనిచేస్తున్నది. అక్కడ కొన్ని తేలికపాటి విమానాలు నడిపేవారికి 2004 నుండి కారు లైసెన్సే ఆరోగ్యానికి ఒక ఆధారంగా చెల్లుతున్నది. కారు నడపడానికి తగిన చూపూ ఆరోగ్యమూ ఉన్నవాడు తేలిక విమానానికీ తగినవాడే అని అక్కడి అధికారుల భావన. అంతేకాదు, మద్యం సేవించి కారు నడిపిన కారణంగా శిక్షపడినా, కారు లైసెన్సు రద్దయినా ఆ సంగతిని పైలట్ అరవై రోజులలోగా విమానయాన అధికారులకు తెలియజేయాలి. చేతి నైపుణ్యం ఒక వాహనం నుండి మరొకదానికి బదిలీ కాకపోవచ్చు. నడవడి మాత్రం మనిషితోపాటే వస్తుందని ఆ నియమం గుర్తించింది.

మద్యం విషయంలో భారతదేశపు నియమాలు ఈ రెండు రంగాల మధ్య ఎంత అంతరం ఉన్నదో చూపుతాయి. విమానం బయలుదేరడానికి పన్నెండు గంటల ముందు నుండి పైలట్ మద్యం ముట్టరాదు. కారు నడిపేవానికి వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటనంతవరకు చట్టం అడ్డు చెప్పదు. పైలట్‌కు నిర్ణీత కాలానికి వైద్యపరీక్ష ఉంటుంది, విమాన సంస్థలో పనిచేస్తే ఏటేటా నైపుణ్య పరీక్షలు ఉంటాయి. కారు లైసెన్సు ముప్పై ఏళ్ళలోపు తీసుకున్నవానికి నలభయ్యో ఏడు వచ్చేవరకు చెల్లుతుంది. ఈ నడుమ అతడు ఎలా నడుపుతున్నాడో చూసేవారు ఎవరూ లేరు.

ఇక్కడికి వచ్చేసరికి మినహాయింపు కోరేవారి వాదనలో కాస్త బలం ఉన్నదని ఒప్పుకోవాలి. అంతటి క్రమశిక్షణ గల పైలట్‌కు ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గీసిన బాటలో కారును వెనక్కూ ముందుకూ నడిపించి పరీక్షించడం హాస్యాస్పదం కాదా అని వారు అడుగుతారు. ఆ పరీక్ష అల్పమైనదే. కొన్ని నిమిషాలలో ముగుస్తుంది. రాత్రివేళ ఎదుటి దీపాల వెలుగులో నడపడం, వానలో బ్రేకు వేయడం, లారీని దాటడమా ఆగడమా అని నిర్ణయించుకోవడం వంటివేవీ అందులో తేలవు. అయితే పరీక్ష అల్పంగా ఉన్నదన్న కారణంతో ఒకరికి దానిని ఎత్తివేయడం కంటె, అందరికీ దానిని గట్టిపరచడమే ఉచితం. పైలట్ రోడ్డు పరీక్షకు రావలసిందే. విమానరంగపు పద్ధతి కూడా రోడ్డు మీదికి రావలసిందే. నేర్చుకునే కాలంలో నడిపిన గంటలు, రాత్రి నడిపిన గంటలు శిక్షకుని సంతకంతో ఒక పుస్తకంలో నమోదు కావడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఎల్.ఎల్.ఆర్. తీసుకున్ననాటి నుండి పరీక్షకు కనీసం ముప్పై రోజుల వ్యవధి చట్టమే ఇస్తున్నది. ఆ నెల రోజులలో అభ్యర్థి చక్రం పట్టాడో లేదో అడిగే నాథుడు లేడన్నదే కొరత.

ఈ కొరత విలువ ప్రాణాలలో లెక్కకు వస్తుంది. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు 460 మందికి పైగా. 2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం కూలినప్పుడు విమానంలోనివారు, నేలపై ఉన్నవారు కలిసి 260 మంది చనిపోయారు. దేశమంతా శోకించింది, విచారణలు జరిగాయి, ప్రతి యంత్రభాగం గురించి చర్చ సాగింది. అంతమంది ప్రాణాలను రోడ్లు 2022 నాటి లెక్కన పద్నాలుగు గంటలలో తీసుకుంటున్నాయి. ఆ మరణాలు ఒకే చోట జరగవు, కాబట్టి ఒక్కొక్క ఊరు తన ఒక్క శవాన్ని తాను మోసుకొని ఊరుకుంటుంది.

ఆ శవాలలో పద్దెనిమిదేళ్ళు నిండనివారు కూడా ఉంటున్నారు. 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షను ఇందుకోసమే వచ్చింది. బాలుడు వాహనం నడిపి నేరం చేస్తే, తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నామనో నిరూపించుకోలేని సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. వాహనపు రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ బాలునికి ఇరవై అయిదేళ్ళు నిండేవరకు డ్రైవింగు లైసెన్సు ఇవ్వరు. పైలట్ కావాలని కలలు కనే విద్యార్థి ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. పదిహేడో ఏట నాన్న మోటారు సైకిలుతో పట్టుబడిన కుర్రవాడు పద్దెనిమిదో ఏట 200 గంటల అనుభవంతో వాణిజ్య పైలట్ లైసెన్సుకు అర్హుడు కావచ్చు. ఇరవై ఒకటో ఏట 1,500 గంటలు పూర్తిచేసి విమాన సంస్థలో కెప్టెన్ కావడానికి అవసరమైన లైసెన్సూ పొందవచ్చు. అప్పటికీ ఇంకా నాలుగేళ్ళపాటు అతడు కారు నడపకూడదు.

చట్టం ఇంత కఠినంగా ఉన్నా జూనియర్ కళాశాలల ముందు బళ్ళు ఆగుతూనే ఉన్నాయి. దీనికి పిల్లల దుడుకుతనం ఒక్కటే కారణమని తేల్చివేయడం న్యాయం కాదు. పదహారేళ్ళవారు 50 సి.సి. లోపు గేర్లు లేని బండి నడపవచ్చునని చట్టం అనుమతిస్తున్నది గాని, అటువంటి పెట్రోలు బండి అంగట్లో వెతికినా దొరకని కాలం ఇది. గంటకు 25 కిలోమీటర్ల వేగం మించని, 250 వాట్ల లోపు విద్యుత్ బండికి లైసెన్సు అవసరం లేదు. ఆ సంగతి చాలా పల్లెలకు చేరలేదు. ఊరికి దూరంగా కళాశాల, సాయంత్రం ప్రయోగశాల తరగతి ముగిసేసరికి వెళ్ళిపోయిన చివరి బస్సు, పొలంలో పని ఉన్న తండ్రి. ఈ మూడూ కలిసినప్పుడు బండి తాళం పిల్లవాని చేతికి వస్తుంది. ఆడపిల్ల అయితే తాళమూ రాదు, చదువే ఆగిపోతుంది. పైలట్ అభ్యర్థినిని విమానం దగ్గరికి దిగబెట్టడానికి ఒక తండ్రికి తీరిక ఉండవచ్చు. వేరుశనగ కోతల కాలంలో రైతుకు ఆ తీరిక ఉండదు.

కనుక తనిఖీ అధికారి రహదారి మీద నిలబడి బాలురను పట్టుకోవడంతోనే పని పూర్తికాదు. పరీక్ష కోసం పల్లెవాసి ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని పట్టణానికి వెళ్ళవలసి వస్తున్నది. నెలకు ఒకనాడు మండల కేంద్రాలకే వచ్చి పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థులకు ఎల్.ఎల్.ఆర్. పరీక్ష పెట్టడం రవాణాశాఖకు అసాధ్యమైన పనేమీ కాదు. సాయంత్రం ఆరు గంటల తరువాత కళాశాల పిల్లల కోసం ఆ దారిలో ఒక్క బస్సు నడిపితే, వారిలో ఎందరు ఇంకా నాన్నను బండి తాళం అడుగుతారో అప్పుడు తేలుతుంది.